పెండ్లిచీర మగ్గం మీద ఉన్నన్నాళ్లూ

మా జయచంద్ర చెడ్డోడని నేను ఎవురి దగ్గరా చెప్పను. చెడ్డోడైతే పీడాపాయె అని వదిలేసుండేదాన్ని. వాడు మంచోడు, అదే మా కర్మ. తాగడు, పేకాటకు పోడు, పరాయి ఆడదాని పక్క తల తిప్పి చూడడు. సొంత పెండ్లాం పక్క గూడా చూడడని మాకు తెలిసేదానికి మాత్రం ఏడేండ్లు పట్టింది.

వాడు నా తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. అంతకుముందు మా నాయన నారాయణప్ప నేసేవాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి మగ్గం దిగినాడు, పొద్దస్తమానం వాకిట్లో కూర్చోని వచ్చేపోయే ఆటోలను చూస్తాంటాడు. నేను సుధను, ఇంటికి పెద్దదాన్ని. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పని చేస్తాండా. ఇంట్లో మా ఆయనా పిల్లోళ్లూ నా మాట చెవిన బెట్టరు గానీ ధర్మవరంలో పిల్లి అడ్డమొచ్చినా ఫోను నాకే వస్తాది.

జయచంద్ర చేతిపని గురించి చెప్పాలంటే నాకే గర్వం. వాడు అంచు తిప్పితే జరీ పువ్వు కండ్ల ముందర విచ్చుకున్నట్టుంటాది. అందుకే సావుకార్లు వానికి మామూలు చీరలు ఇయ్యరు. ముహూర్తం చీరలే. బెంగళూరు పెండ్లికూతుర్లు తాళి కట్టించుకునే చీరలన్నమాట. ఒకటి మగ్గం దిగీదిగకముందే ఇంకో పడుగు ఎక్కుతాది.

ఈడే వచ్చింది తంటా. మా ఇంట్లో ఒక నేమం ఉండాది. వీధిలో ఇంకెవురికీ లేదు, మాకే ఉండాది. మా తాత పెట్టిపోయినాడు. పెండ్లిచీర మగ్గం మీద ఉన్నన్నాళ్లూ నేసేటోడు మడిగా ఉండాల. పెండ్లాం గదిలోకి పోగూడదు, మగ్గం పక్కనే చాప పరుచుకోని పండుకోవాల. మడి తప్పితే ఆ చీర కట్టుకున్న పిల్ల కడుపు పండదంట. తాత కాలంలో ఇబ్బంది లేదు, ఏడాదికి నాలుగు పెండ్లిచీరలు వస్తే గొప్ప. మిగతా దినాలు మామూలు చీరలు, మామూలు సంసారం. నాయన కాలానికి పెండ్లిండ్ల నెలలంతా అవే, మా తమ్మునికి ఏడాది పొడుగునా పెండ్లిచీరలే. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

వాని పెండ్లాం యమునది గుడిబండ. మా కులపోళ్లే గానీ వాళ్లకు మగ్గం లేదు, చేనుండాది. గట్టి పిల్ల, మాట మాత్రం తక్కువ. వచ్చిన రెండో ఏడు నుంచీ మా అమ్మ సరోజమ్మ దానిమీద పడింది. "ఏమే, ఇంకా ఏమీ లేదా? మా కాలంలో పెండ్లైన ఏడాదికే..." అని మొదలుపెడితే కుక్కర్ కూత వేసేదాకా ఆపదు. ఆ పిల్లను తిప్పని ఆస్పత్రి లేదు. అనంతపురంలో స్కానింగు, బెంగళూరులో ఇంకో స్కానింగు, రక్తపరీక్షలు, సూదులు, మాత్రలు, పసరుమందులు, ఉపవాసాలు, మొక్కులు. మాత్రలకు ఆ పిల్ల ఒళ్లు ఉబ్బిపోయింది. "మరి వీనికి పరీక్ష చేయిద్దామా అమ్మా?" అని నేనంటే, "మగోనికి పరీక్షేంది, వాడు గుండ్రాయి మాదిరి ఉండాడు" అని నా నోరు మూసింది.

విత్తనం వేయకుండా చేను గొడ్డుదని తిట్టినట్టుంది మావాళ్ల యవ్వారం!

పోయిన ఎండాకాలం మా అమ్మ ఇంగ తీర్మానమే చేసేసింది. "ఈ ఆషాఢంలో యమున గుడిబండకు పోతే మల్లా రావాల్సిన పని లేదు. చెన్నేకొత్తపల్లిలో మా అన్న గంగాధరప్ప మనవరాలు ఉండాది. పెద్దమనుషుల్లో కూర్చోని తెగదెంపులు చేసుకోని, శ్రావణంలో వీనికి ఆ పిల్లను కట్టబెడతాం" అనింది. ఫోన్‌లో వింటాంటే నాకు కాళ్లల్లో నుంచి మంట లేచింది. నాయన ఏమన్నాడంటే, ఆయన వాకిట్లో ఆటోలు చూస్తాండాడంట. తమ్ముడు ఏమన్నాడంటే, చీర అంచు దగ్గరుండాది, మాట్లాడేదానికి తీరిక లేదంట. ఓరి మీ తీరిక కాలిపోనూ!

ఇంగ లాభం లేదని మా ఇంట్లో పూజ ఉండాదని అబద్ధం చెప్పి మొగుడూ పెండ్లాలను ఇద్దరినే హిందూపురం పిలిపించుకున్నా. అమ్మ వస్తానంటే వద్దన్నా. పొద్దున్నే వానిచేత ల్యాబులో పరీక్ష చేయించి, ఆ కాయితం తీసుకోని ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయినాం. యమున నా చేయి వదల్లేదు కాబట్టి నేనూ లోపలికి పోయి కూర్చున్నా. పోకుండా ఉండాల్సింది. తోడబుట్టినదాని చెవులతో వినే మాటలు కావు అవి. ఆ డాక్టరమ్మ గొంతు మైకు పెట్టినట్టుంటాది, బయటుండే వాళ్లకు గూడా అన్నీ వినిపించింటాయి.

ఆమె కాయితం చూసి, "కౌంటు ఉండాదప్పా, కదలికే సరిగా లేదు. చానా మటుకు చచ్చుబడి ఉండాయి. ఎన్ని దినాలు ఆగి ఇచ్చినావు?" అనింది.

మావాడు రొమ్ము విరుచుకోని, "ఉగాది నుంచి మేడం" అన్నాడు.

అప్పటికి జ్యేష్ఠమాసం నడుస్తాండాది. డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి కింద పెట్టింది. "ఉగాది నుంచా? ఉగాదికి ముందు?"

"సంక్రాంతికి మేడం. పండగలకు మగ్గం ఖాళీ ఉంటాది."

"పండగలకు మాత్రమేనా? మామూలు దినాల్లో లేదా? అమావాస్యకు మగ్గాలు ఆపుతారంట గదా మీవాళ్లు?"

"ఆపుతాం మేడం. గానీ అమావాస్య పూట అట్లాంటివి మంచిది కాదు గదా!"

నేను నెత్తిన చేయి పెట్టుకోని గోడమీద ఉండే పాప బొమ్మను చూస్తాండా. యమున తల ఎత్తలేదు. మావాడు ఇంగా ఆగితే గదా! "ఊరికే పోగొట్టుకోకుండా నిలవ పెడితే బలం గదా మేడం? ఒక బొట్టు నూరు బొట్ల రక్తంతో సమానమంట. ఫోన్‌లో ఒకాయన చెప్తాంటాడు, దినామూ చూస్తా. అశ్వగంధ లేహ్యం గూడా తింటాండా" అన్నాడు. ఏదో పతకం గెలిచినట్టు చెప్తాండాడు తస్సాదియ్యా!

"నిలవ పెట్టేదానికి అది ఆవకాయనా?" అనింది డాక్టరమ్మ. "తొట్టిలో నీళ్లు వాడకుండా పెడితే ఏమైతాది? పాచి పడతాది. ఇదీ అంతే. లోపల దినామూ కొత్తది తయారవుతానే ఉంటాది. పాతది బయటికి పోకుండా నెలల తరబడి ఉంటే దాంట్లో చచ్చినవి, చెడిపోయినవి పేరుకుంటాయి. లెక్కకు ఎక్కువ కనపడతాయి, పనికొచ్చేవి తక్కువ. రెండు మూడు దినాలకు ఒకసారి కలవాల. నెల నడుమ ఆ పాపకు అండం విడుదలయ్యే దినాలుంటాయి, అప్పుడు మరీ తప్పగూడదు. నువ్వు పండగ చూసుకోని పోతే అండం పంచాంగం చూసుకోని వస్తాదా?"

తరవాత వాని బతుకంతా అడిగి బయటికి లాగింది. పొద్దున ఆరుకు మగ్గం గుంతలో కాళ్లు పెడితే పొద్దుగూకేదాకా లేవడు. నెత్తిన రేకుల కప్పు, ధర్మవరం ఎండలకు లోపలంతా పొయ్యి మాదిరి కాగుతాంటాది. బుగ్గలో ఎప్పుడూ గుట్కా ఉంటాది, అది లేకుంటే జరీ మీద చూపు నిలవదంట. సాయంత్రం నడుము నొప్పికి సలసలా కాగే నీళ్లు పోసుకుంటాడు. నిద్ర చాలదు, మడి చాప మీద నిద్ర ఎట్ల పడతాది?

"దేవుడు వాటిని ఒంటి బయట ఎందుకు వేలాడదీసినాడో తెలుసునా నీకు? చల్లగా ఉండాలని. నువ్వు పొద్దున్నుంచి మాపటిదాకా ఉడకబెడతాండావు. గంటకొకసారి లేచి గాలికి తిరుగు. గోరువెచ్చని నీళ్లు పోసుకో. గుట్కా ఈ పొద్దే మానెయ్, అది నోటినే కాదు, దాన్నీ తింటాది. బాగా నిద్రపో. కొత్త సరుకు తయారయ్యేదానికి మూడు నెలలు పడతాది, మూడు నెలలు చెప్పినట్టు చేసి మల్లా పరీక్ష చేయించు. బిడ్డ పుడతాదని నేను మాట ఇయ్యలేను. ఇది చేయకుంటే మాత్రం ఏ మందూ పని చేయదు" అని వానికి మాత్రలు రాసిచ్చింది. యమున పాత రిపోర్టులన్నీ తిరగేసి, "ఈ పాపకు ఏ లోపమూ లేదు. ఇన్ని మందులు ఎందుకు మింగించినారు ఈమెచేత?" అనింది. అడగాల్సిన మనిషి ధర్మవరంలో ఉండాది, నేనేమి చెప్పేది?

బయటికొచ్చి తమ్ముణ్ని మాత్రలకు పంపించి, చెట్టుకింద బెంచీ మీద యమునను పట్టుకున్నా. "ఏమే, ఇన్నేండ్లూ నోరు పెగల్లేదా? మాలో ఒక్కరికి చెప్పుంటే ఇంతదాకా వచ్చేదా?"

"ఎట్ల చెప్పాల వదినా?" అనింది. "మొగుడు గదిలోకి రాడని అత్తకు చెప్పుకుంటారా యాడన్నా? చెప్తే మొగునికి ఎగబడతాండాదని నన్నే అంటారు. ఒకసారి ఆయనకు చెప్పినా. 'పెండ్లిచీర మీద ఉసురు పెట్టొద్దు' అన్నాడు. ఆ మగ్గం ఖాళీ అయ్యే నెల ఆషాఢం ఒక్కటే. ఆ నెలకు అత్త నన్ను ఏటా గుడిబండకు తోలుతాది, చేన్లో వేరుశెనగ బుడ్డలు విత్తేదానికి మావాళ్లకు మనిషి కావాలని. ఇంగ నేను యాడ కనాల?"

అప్పుడు ఆ పిల్ల కండ్లల్లో నీళ్లు లేవు. నాకే వచ్చినాయి.

సరే, డాక్టరమ్మ చెప్పింది, చెవుల్లో పడింది, ఇంగ బాగుపడతారులే అని బస్సు ఎక్కించినా. నా తెలివి తెల్లారినట్టే ఉండాది. ఆషాఢం రెండు దినాల్లో వస్తాదనంగా యమున ఫోన్ చేసింది. ఏమీ మారలేదు. మగ్గం మీద పెండ్లిచీర ఉండాదంట. అది దిగినాక మాత్రలు మొదలుపెడతాడంట, అది దిగినాక గుట్కా మానతాడంట. అది దిగేలోపల దీన్ని గుడిబండ బస్సు ఎక్కిస్తారంట, బట్టలు మూట గట్టమని అత్త చెప్పిందంట.

ఫ్యాక్టరీలో ఒక పూట సెలవు పెట్టి రైలెక్కినా. పెనుకొండ స్టేషన్‌లో పక్కన కూర్చున్నామె, "ఏమక్కా, ఎవురి మీద అంత కోపం, పండ్లు కొరుకుతాండావు?" అనింది. "అందరి మీదా" అన్నా.

నేను పోయేసరికి గుమ్మంలో యమున మూట ఉండాది. మా అమ్మ వంటింటి గడపలో కూర్చోని బియ్యం ఏరుతాండాది. జయచంద్ర గుంతలో, బుగ్గలో గుట్కాతో. కొత్త మాత్రల పొట్లం విప్పకుండా గూట్లో పెట్టినాడు. నాయన వాకిట్లో. చెప్పులు విప్పేదానికి గూడా నాకు ఓపిక లేకపాయె.

"రేయ్ జయా, లెయ్ ఆడి నుంచి" అన్నా.

"ఒక్క జాన ఉండాది అక్కా, ఇది అయిపోనీ..."

"నీ సంసారం గూడా ఒక్క జానే ఉండాదిరా, అదీ అయిపోతాండాది. లెయ్!"

అమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "వాణ్ని ఏమీ అనొద్దు. పెండ్లిచీర మీద ఉండాడు. మడి తప్పితే ఆ పెండ్లికూతురి గతేం కావాల? నీ డాక్టరమ్మ వచ్చి చెప్తాదా ఆ పిల్లకు?"

"ఎవురో తెలీని పిల్ల కడుపు పండాలని మన ఇంటి పిల్ల కడుపు ఎండగడతావా అమ్మా? ఏ పాపమూ తెలీని దాన్ని గొడ్రాలని ఊరంతా చాటినావు గదా! తాత పెట్టిన నేమంతో మేమెట్ల పుట్టినామో ఎప్పుడన్నా ఆలోచన చేసినావా? నేను చైత్రంలో పుట్టినా. చెల్లెలు మంజుల చైత్రంలోనే పుట్టింది. ఎందుకు? ఆషాఢంలో పెండ్లిండ్లు ఉండవు, నాయన మగ్గం మీద పెండ్లిచీర ఉండదు. నువ్వు ఆయన పక్కన ఉండావు కాబట్టి మేం పుట్టినాం. ఈ పిల్లను ఆ ఒక్క నెల గూడా ఈడ ఉండనియ్యకుండా తోలుతాండావే, గాలికి పుడతారా మనవళ్లు?"

మా అమ్మకు ఓడిపోయే అలవాటు లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "చాల్లే నీ లెక్కలు! మరి వీడు కార్తీకంలో పుట్టలేదా? నీ ఆషాఢం లెక్క యాడికి పోయింది?" అని అరిచింది.

అరిచినాక తన మాట తనకే వినపడినట్టుంది. నోటికి చెంగు అడ్డం పెట్టుకునింది.

వాకిట్లో నుంచి మా నాయన దగ్గినాడు. ఆయన ఈ ఇంట్లో మాట్లాడి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. మెల్లిగా గోడ పట్టుకోని లోపలికొచ్చి, మగ్గం పలక మీద చేయి ఆనించి నిలబడినాడు.

"కార్తీకంలో పుట్టినాడంటే మాఘంలో పడినట్టు గదా సరోజా" అన్నాడు. "మాఘంలో నా మగ్గం మీద ఏముంటాది? పెండ్లిండ్ల నెల అది."

పోగు పట్టుకోని అటూ ఇటూ పోయే నాడె జయచంద్ర చేతిలో ఆగిపోయింది. "అంటే నాయనా... పెండ్లిచీర మగ్గం మీద ఉండంగానే..."

"ఉండంగానే. నిన్ను కనాలని వ్రతమేమీ పట్టలేదురా మేము. మీ అమ్మ పసుపుచీర కట్టుకోనుండె, మాఘమాసం చలి ఉండె. మడి తప్పినా. మీ తాతకు చెప్పలేదు, అంతే."

"అయితే ఆ చీర కట్టుకున్న పెండ్లికూతురు?" మావాడు గుంత అంచు పట్టుకోని ముందుకు వంగినాడు.

"ఏమైతాది? మన ఎదురింటి కదిరమ్మకు నేసింది ఆ చీర. ఐదుగురు పిల్లోళ్లు, ఇప్పుడు ఇంటినిండా మనవళ్లు. ఆ గోలకు నాకు మధ్యాన్నం నిద్ర గూడా పట్టదు."

ఎదురింట్లో నుంచి అదే సమయానికి పిల్లోళ్లు కేకలు పెట్టినారు. నాకు నవ్వు ఆగలేదు. నాయన నవ్వినాడు. అమ్మ చెంగు చాటున భుజాలు ఎగరేస్తాండాది, నవ్వో ఏడుపో తెలీలేదు. కడాకు, "చెన్నేకొత్తపల్లికి ఫోన్ చెయ్ సుధా, ఆ సంబంధం మాట ఇంగ ఎత్తొద్దని మా అన్నకు చెప్పు" అనింది. గుమ్మంలో ఉండే మూట తనే తీసి లోపల పెట్టింది. జయచంద్ర గుంతలో నుంచి పైకెక్కి, ఏం చేయాలో తెలీక, పెండ్లాం పక్క చూసి ఇకిలించినాడు.

అందరమూ నవ్వుతాండాం. యమున నవ్వలేదు.

"నవ్వుకోండి" అనింది. అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడింది నేను అప్పుడే వినడం. "మామకు ఇది ముప్పై ఏండ్ల నుంచి తెలుసు. అత్తకు తెలుసు. పేరంటాలకు నన్ను పిలవకుండా పోతాంటే చూసినారు. సూదులు పొడిపించుకోని వచ్చి అన్నం వండుతాంటే చూసినారు. ఒక్కరన్నా నోరు తెరిచినారా? ఇప్పుడు ఆయన గుంతలో నుంచి లేచొచ్చి పండ్లు చూపిస్తే నేను గది తలుపు తీయాల, అంతేనా?"

నాయన తల వంచుకున్నాడు.

యమున గూట్లో ఉండే పొట్లం తీసింది. తనే విప్పింది. ఒక మాత్ర తీసి జయచంద్ర చేతిలో పెట్టింది.

"ఏడేండ్లు నేను మింగినా. ఇంగ నీ వంతు. ముందు ఆ గుట్కా ఉమ్మిరా."

వాడు పరుగున బయటికి పోయి ఉమ్మి, పుక్కిలించుకోని వచ్చినాడు. అరచేతిలో మాత్ర పెట్టుకోని చిన్నపిల్లోని మాదిరి నిలబడి, "నీళ్లు?" అన్నాడు.

"కుండలో ఉండాయి" అనింది యమున. "పోయి ముంచుకో."